ఎగువ గంట

"తాడు వదలొద్దు! కిందికి చూడకండి, నా మొహం చూడండి!"

లూరిన్ బండ అంచున బోర్లా పడుకుని అరుస్తోంది. నీటి హోరులో ఆ అరుపు ఆమెకే సరిగ్గా వినిపించడం లేదు. కాసేపటి కిందటిదాకా పొడి ఇసుక మెరిసిన చోట ఇప్పుడు ఎర్రమట్టి నీళ్లు సుళ్లు తిరుగుతున్నాయి. రెండు నిలువు బండల మధ్య ఆ లోతైన చీలికలో ఇద్దరు పక్కపక్కన నడవలేరు. అంత ఇరుకులోకి వాగు వాగంతా దూరింది. జునిపర్ మొద్దులు, ముళ్లకంపలు, ఎవరిదో కంచె గుంజ ఒకదాన్నొకటి గుద్దుకుంటూ వస్తున్నాయి.

ఆమె భర్త ఎమర్సన్ కింద 'గది'లో ఉన్నాడు. చీలిక మొత్తంలో పైన కాస్త తెరిపిగా ఉండే చోటు అదొక్కటే కనక గైడులందరూ దాన్ని గది అంటారు. అక్కడినుంచి పైకి ఇనప నిచ్చెన ఉంది. ఎమర్సన్ గోడకు వీపు ఆనించి, నడుములోతు నీళ్లలో నిలబడి, టూరిస్టుల్ని ఒక్కొక్కరినే నిచ్చెన మీదికి ఎత్తుతున్నాడు. లూరిన్ తాడుతో పైకి లాగుతోంది. ఆమె ట్రక్కులోంచి అప్పుడే దిగిన తరువాతి జట్టు వాళ్లలో ఇద్దరు ఆమె వెనక నిలబడి తాడు పట్టారు. మిగతావాళ్లు ఫోన్లు పట్టుకున్నారు.

ఒక స్త్రీ వచ్చింది. ఇద్దరు అన్నదమ్ములు వచ్చారు. చెప్పుల్లేని ఒక అమ్మాయి వచ్చి బండ మీద కూలబడి వాంతి చేసుకుంది. చివరికి ఒక్కరే మిగిలారు. నీల్స్ అనే పెద్దాయన, డెన్మార్క్ నుంచి వచ్చాడు. నిచ్చెన మొదటి మెట్టు మీద కాలు పెట్టాడు. అప్పుడే మొద్దు వచ్చింది.

అది ఆయన మోకాలి కింద తగిలి, కాలిని గోడకేసి నొక్కిపెట్టింది. ఆయన కేక మాత్రం నీటి హోరును దాటి పైకొచ్చింది. ఎమర్సన్ నీళ్లలో మునిగాడు. తేలాడు. మళ్లీ మునిగి, భుజంతో మొద్దును పక్కకి తోశాడు. ఆయన నడుముకి తాడు బిగించి చెయ్యి ఊపాడు. ముగ్గురూ కలిసి లాగారు.

ఆఖరున ఎమర్సన్ పైకి వచ్చాక లూరిన్ తల ఎత్తి చూసింది. ఆకాశం ఉతికి ఆరేసినట్టు నీలంగా ఉంది. ఒక్క మబ్బు లేదు. వాన పడింది ఇక్కడ కాదు, ఎగువన, కంటికి కనిపించనంత దూరంలో ఎక్కడో. ఆ నీళ్లు వాగులోకి దిగి, తెల్లబండ మలుపు దాటి, ఇక్కడికొచ్చాయి. ఆ మలుపు దగ్గర ఒక మనిషి ఉంది. ఆమె చేతిలో రేడియో ఉంది. ఆమె పని ఒక్కటే, నీళ్లు కనబడగానే గంట మోగించడం. మలుపు నుంచి గదికి నీళ్లు రావడానికి కాఫీ కాచుకుని తాగేంత సమయం పడుతుంది. గంట మోగితే అందరూ తీరిగ్గా నిచ్చెన ఎక్కొచ్చు.

లూరిన్ నడుముకున్న రేడియో లాక్కుంది. 

"అమ్మా! నిద్రపోయావా? గంటెందుకు మోగించలేదు? పదిమంది చచ్చిపోయేవాళ్లు! నీ అల్లుడు చచ్చిపోయేవాడు! ఏం చేస్తున్నావక్కడ, గొర్రెల్ని లెక్కపెట్టుకుంటున్నావా? ముసలితనం వస్తే పని మానేసి చెప్పాలి, మనుషుల్ని చంపకూడదు!"

అది అందరి రేడియోల్లోనూ పలికింది. టికెట్ల గుడిసెలో, మిగతా గైడుల ట్రక్కుల్లో కూడా. అటునుంచి జవాబు లేదు.

ఎమర్సన్ భార్య వైపు చూడలేదు. వంగి, తడిసిన తాడును మోచేతికి చుట్టుకోవడం మొదలుపెట్టాడు. ఆ తాడును ఇప్పుడు చుట్టాల్సిన పనే లేదు.

*

మర్నాడు పొద్దున స్టెర్లింగ్ తన ట్రక్కులో లూరిన్‌ని ఎక్కించుకుని తెల్లబండ మలుపు దగ్గరి మెట్ట మీదికి, ఆమె తల్లి దగ్గరికి బయల్దేరాడు. స్టెర్లింగ్ ఆమె మేనమామ. చీలికలోకి టూరిస్టుల్ని తీసుకెళ్లే అనుమతి ఆయన పేరు మీదే ఉంది. ఎమర్సన్ రాలేదు, రాకూడదు కూడా. వాళ్ల తెగలో అత్తా అల్లుడూ ఒకరి మొహం ఒకరు చూసుకోకూడదు, ఒకరితో ఒకరు మాట్లాడకూడదు. చూస్తే కళ్లు పోతాయని పెద్దవాళ్ల మాట. పట్నంలో ఉన్నవాళ్లు చాలామంది దీన్ని ఎప్పుడో వదిలేశారు. లూరిన్ తల్లి డెజ్బా వదల్లేదు. అందుకే రేడియోలో మాటకు బదులు గంట. తనే ఆలోచించి పెట్టింది. గంటకు గొంతు లేదు కదా, అల్లుడు విన్నా తప్పులేదు అంది. నవ్వినవాళ్లు నవ్వారు. కానీ ఆ ఏర్పాటు బాగానే నడిచింది. గంటకు వేరే ఛానెల్, అది చీలికలో ఉన్న గైడు రేడియోలో మాత్రమే పలుకుతుంది.

"కాలు రెండుచోట్ల విరిగిందట," అన్నాడు స్టెర్లింగ్ గేరు మారుస్తూ. "కుడికాలు. ఆపరేషన్ చేశారు. పోలీసులు వచ్చి వెళ్లారు. అనుమతి ఇచ్చిన ఆఫీసు వాళ్లు కూడా ఫోన్ చేశారు. 'ఎగువన కాపలా ఉందా' అన్నారు. ఉంది అన్నాను. 'మరి ఏం చేసింది' అన్నారు. ఏం చెప్పమంటావు?"

లూరిన్ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

డెజ్బా గుడిసె ముందు, రేకు పొయ్యి దగ్గర కూర్చుని ఉంది. వచ్చింది కూతురూ తమ్ముడే అని తేలాక నెత్తిమీది శాలువ వెనక్కి తీసింది. కాఫీ పోసింది. ఎడమ చేత్తో పోసింది. కుడి మణికట్టుకి పూలగుడ్డ చుట్టుకుని ఉంది. లూరిన్ అది చూసింది. చలి పెరిగితే తల్లికి కీళ్లు పట్టేస్తాయి, అదే అనుకుంది. ఇది ఎండాకాలం అన్న సంగతి తట్టలేదు.

"రేడియో ఏది అక్కా?" అన్నాడు స్టెర్లింగ్.

ఆమె పెదాలు ముందుకు చాచి గుడిసె లోపలివైపు చూపించింది. స్టెర్లింగ్ తెచ్చి మీట నొక్కాడు. దీపం వెలగలేదు. మళ్లీ నొక్కాడు. తిప్పి వెనక మూత తీసి, బ్యాటరీ అరచేతిలో వేసుకుని లూరిన్‌కి చూపించాడు.

"చచ్చిపోయింది. ఇదీ సంగతి."

"సోలార్ పలక పెట్టి వెళ్లాను కదమ్మా," అంది లూరిన్. "పొద్దున్నే దానికి తగిలించమని ఎన్నిసార్లు చెప్పాను?"

"తగిలించాను."

"మరి గంట?"

"మోగించాను."

"ఎవరికీ వినబడలేదే!"

 డెజ్బా కూతురి మొహంలోకి చూసింది. తరువాత ఆ చూపు గొర్రెల మీదికి పోయింది.

"నేను చెప్పాల్సింది చెప్పాను. మిగతాది నేను మాట్లాడే సంగతి కాదు."

స్టెర్లింగ్ కాఫీ గ్లాసు కింద పెట్టాడు. అక్కతో ఏదైనా కష్టమైన మాట చెప్పాల్సినప్పుడు టోపీ తీసి మోకాలి మీద పెట్టుకోవడం ఆయనకి చిన్నప్పటి అలవాటు. తీసి పెట్టుకున్నాడు.

"అక్కా, తెల్లబండ దగ్గర ఒక యంత్రం పెడతామంటున్నారు ఆఫీసు వాళ్లు. నీళ్లు తగిలితే అదే కూత పెడుతుంది. నువ్వింక ఇక్కడ ఒక్కదానివీ ఎందుకు? శనివారం ట్రక్కు వస్తుంది. గొర్రెల్ని ఎవరైనా తీసుకుంటారు. పట్నంలో పెద్దవాళ్లు ఉండే ఇల్లుంది, అక్కడ టీవీ కూడా..."

"మా ఇంట్లో ఉంటుంది," అంది లూరిన్ వెంటనే.

"ఎలా ఉంటుంది? మీ ఇంట్లో మీ ఆయన ఉన్నాడుగా. నువ్వేమన్నా మధ్యలో గోడ కడతావా?"

నిజమే. అల్లుడున్న ఇంట్లో డెజ్బా ఒక్క పూట కూడా ఉండదు.  డెజ్బా లేచి, కాఫీ అడుగుమడ్డి నిప్పుల్లో పారబోసి, గొర్రెల దొడ్డి వైపు నడిచింది. నడకలో కోపం లేదు. అదే లూరిన్‌కి ఎక్కువ బాధ కలిగించింది.

ఆ సాయంత్రం ఇంట్లో రొట్టెలు కాలుస్తూ లూరిన్ అడిగింది. "నీకేమైనా వినిపించిందా? కొంచెమైనా?"

ఎమర్సన్ బూట్లలో బురద పుల్లతో గీకుతున్నాడు. "ఆ చీలికలో రేడియో ఎట్లా పలుకుతుందో నీకు తెలీదా?" అన్నాడు. గీకిన బూటే మళ్లీ గీకాడు.

*

గురువారం ఆమె ఆసుపత్రికి వెళ్లింది. నీల్స్ టోపీ, ఆయన భార్య బిర్టె చేతిసంచీ వరద తగ్గాక చీలిక మొదట్లో దొరికాయి. లూరిన్ వాటిని కడిగి ఆరబెట్టింది. ఒక గిన్నెలో గొర్రెమాంసం పులుసు, గుడ్డలో రొట్టెలు కూడా తీసుకెళ్లింది. ఏ మొహం పెట్టుకుని వెళ్తున్నానా అనుకుంటూనే వెళ్లింది.

బిర్టె ఆమెను కౌగిలించుకుంది. తిడుతుందనుకున్న మనిషి కౌగిలించుకునేసరికి లూరిన్‌కి చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"మీ ఆయన లేకపోతే మా ఆయన లేడు," అంది బిర్టె. "ఆ మొద్దు కింద దూరాడమ్మా! నా కళ్లతో చూశాను."

నీల్స్ మంచం మీంచి బొటనవేలు ఎత్తాడు. "పులుసు ఇటివ్వండి. ఇక్కడి తిండి తినలేక చస్తున్నాను. కాలు విరిగినా నాకు అంత ఏడుపు రాలేదు."

ముగ్గురూ నవ్వారు. బిర్టె కుర్చీ జరుపుకుని ఫోన్ తీసింది. "మీకొకటి చూపించాలి. ఫోన్ నా జేబులో ఉండిపోయింది, నీళ్లు కూడా దూరలేదు. వరదకి ముందు తీసింది. ఎంత అందంగా ఉందో చూడండి!"

వీడియోలో గది కనిపించింది. గోడలు నిప్పు రంగులో మెలికలు తిరిగి ఉన్నాయి. పైనుంచి ఒక ఎండచార దిగి ఇసుక మీద నిలబడింది. ఎమర్సన్ గుప్పెడు ఇసుక ఆ ఎండలోకి విసిరాడు. అది పొగలా వెలిగింది. అందరూ ఓహో అన్నారు.

అప్పుడు వినిపించింది.

టణ్. టణ్. టణ్. సన్నగా, ఎక్కడో రాయి లోపల్నుంచి వస్తున్నట్టు. ఆగకుండా.

"ఇదిగో, ఇదే!" అంది బిర్టె. "ఈ గంట విన్నప్పుడు ఒళ్లు పులకరించింది. ఏమిటిది?"

వీడియోలో ఎమర్సన్ తల వంచి భుజం మీది రేడియో చూశాడు. తల ఎత్తి పైకి చూశాడు. అక్కడ బొటనవేలంత ఆకాశం, నీలంగా. మళ్లీ రేడియో వైపు చూశాడు. ఒక్క క్షణం ఆగాడు. చెయ్యి భుజం మీదికి పోయింది. రెండు వేళ్లతో రేడియో శబ్దం తగ్గించే గుండీ తిప్పాడు.

గంట ఆగిపోయింది. ఎమర్సన్ నవ్వుతూ, "ఇంకోసారి ఇసుక విసరమంటారా?" అన్నాడు.

లూరిన్‌కి ఆసుపత్రి గోడలు దగ్గరికి జరిగినట్టనిపించింది.

"ఏమిటి ఆ గంట?" బిర్టె మళ్లీ అడిగింది.

"గొర్రెలు," అంది లూరిన్. "పైన గొర్రెలు మేస్తుంటాయి."

"ఓ! అనుకున్నాను." బిర్టె ఫోన్ లోపల పెట్టి, లూరిన్ చేతి మీద చెయ్యి వేసింది. "మీరు లోపలికి పంపేముందు చెప్పారు చూడండి, 'ఇక్కడి ఆకాశాన్ని నమ్మకండి, ఎగువనున్న కంటిని నమ్మండి' అని. మా ఆయన నవ్వాడు, అది టూరిస్టుల కోసం చెప్పే కవిత్వం అన్నాడు. అది కవిత్వం కాదు కదూ?"

ఆ మాటలు లూరిన్ రోజూ చెప్పేవే. ప్రతి జట్టుకీ, అదే గొంతుతో. ఆమె గిన్నె మూత వెతుక్కుంది. మూత చేతిలోనే ఉంది.

ట్రక్కులో కూర్చున్నాక తాళం తిప్పబోయి ఆగింది. పూలగుడ్డ చుట్టిన మణికట్టు గుర్తొచ్చింది. ఖాళీ అయిన బ్యాటరీ గుర్తొచ్చింది. మీట నొక్కిపట్టి ఒక చేత్తో, గంట ఊపుతూ ఒక చేత్తో, జవాబు రాకపోయినా వదలకుండా, బ్యాటరీ చచ్చేదాకా, చెయ్యి వాచేదాకా మోగించిన మనిషికి చివరికి దక్కింది కూతురి తిట్లు. ఆమె రేడియోలో బ్యాటరీ అప్పటికే పోయి ఉంటుంది. కానీ స్టెర్లింగ్ ట్రక్కు గొర్రెల మెట్ట కిందే ఆగి ఉంది ఆవేళ. ఆయన రేడియో ఎంత గట్టిగా పెడతాడో ఊరందరికీ తెలుసు. విని ఉంటుంది. ప్రతి మాటా విని ఉంటుంది.

*

శుక్రవారం ఎమర్సన్ ఒక్కడే చీలికలో పనిచేస్తున్నాడు. శనివారం మళ్లీ తెరవాలని స్టెర్లింగ్ పట్టుదల. లూరిన్ పలకపార పట్టుకుని లోపలికి దిగింది.

వరద వచ్చి వెళ్లాక చీలిక తెలిసిన చోటులా ఉండదు. ఒకచోట ఇసుక మోకాలెత్తు పెరిగింది, ఇంకోచోట మనిషెత్తు గుంట పడింది. గోడల మధ్య, తలకు చాలా పైన, ఒక మొద్దు అడ్డంగా ఇరుక్కుని ఉంది. తడి బంకమట్టి వాసన, దానికింద ఏదో చచ్చిన వాసన. ఆమె ప్రతి మలుపు దగ్గరా ఆగి, పార కర్రతో ఇసుక పొడిచి, దిగబడదని తేల్చుకుని అడుగేసింది. చేతులు అలవాటుగా పనిచేస్తున్నాయి. మనసు ఎక్కడో ఉంది.

గదిలో ఎమర్సన్ నిచ్చెన కింది సగాన్ని బిగిస్తున్నాడు. పాత బోల్టులు రెండు వంగిపోయాయి. సుత్తితో బండను తట్టి, గుల్లగా మోగని చోటు చూసి, అక్కడ కొత్త రంధ్రం వేస్తున్నాడు.

"పానా అందివ్వు," అన్నాడు వెనక్కి చూడకుండానే.

ఆమె పానా తీసుకుంది కానీ ఇవ్వలేదు. "గంట విన్నావు," అంది.

సుత్తి ఆగింది.

"ఆ డెన్మార్క్ ఆవిడ ఫోన్‌లో ఉంది. మోగుతోంది. నువ్వు గుండీ తిప్పావు. నవ్వుతూ తిప్పావు."

ఎమర్సన్ సుత్తిని జాగ్రత్తగా ఇసుక మీద పెట్టాడు. నిచ్చెన మెట్టు మీద కూర్చున్నాడు. తన అరచేతుల్లోకి చూసుకున్నాడు.

"విన్నాను," అన్నాడు.

"మరి మూడు రోజులుగా నోరెందుకు విప్పలేదు? మామయ్య నా ముందే మా అమ్మ గొర్రెల్ని అమ్ముతానంటే, నేను ఇంటికొచ్చి నిన్నే అడిగితే, బూట్లు గీక్కుంటూ కూర్చున్నావు!"

"మీ అమ్మ సంగతి నేను ఎట్లా మాట్లాడతాను? ఆవిడ గురించి నోరెత్తే హక్కు నాకు..."

"ఆపు! పద్ధతి పేరు చెప్పి దాని చాటున దాక్కోకు. ఆమె కూడా మాట్లాడలేదు. గదిలో ఉన్న గైడువి నువ్వే కనక వినే ఉంటావని ఆమెకు తెలుసు. అల్లుడి మీద తమ్ముడికి చెప్పకూడదని నోరు మూసుకుంది. ఆమె పద్ధతి వేరు, నీ దాపరికం వేరు."

ఎమర్సన్ తలూపాడు. కాదనలేదు. "రేపు స్టెర్లింగ్‌తో చెప్తాను. అందరి ముందే చెప్తాను. గైడు బిళ్ల తీసేసుకుంటాడు, తీసుకోనీ."

"ఎందుకు తిప్పావసలు?" ఆమె గొంతు చీలిక గోడలకు తగిలి తిరిగొచ్చింది. "ఎనిమిదేళ్లుగా ఆ గంట వింటే ముందు నిచ్చెన, తరువాత మాట అన్నవాడివి!"

 ఎమర్సన్ చెప్పడానికి ఇష్టం లేనట్టు మళ్లీ పానా వైపు చెయ్యి చాచాడు. ఆమె పానా వెనక్కి లాక్కుంది.

"చెప్పు!"

"ఆకాశం చూశాను," అన్నాడు మెల్లగా. "నువ్వు చెప్పినట్టే."

ఆమెకు మొదట అర్థం కాలేదు. తరువాత అర్థమైంది. 

వరదకి ముందు ఒక సాయంత్రం కూడా ఆమె రొట్టెల పిండే మెదుపుతోంది. ఆ పగలు గంట మోగితే టూరిస్టులందర్నీ హడావిడిగా పైకెక్కించారు. నీళ్లు రాలేదు. దారిలోనే ఇసుక తాగేసింది. ఆ వేసవి వానల్లో అది మూడోసారి. టికెట్లు వెనక్కిచ్చారు. ఒకావిడ, "మీ అలారం గొర్రెల దగ్గరుందా?" అని అడిగితే అందరూ నవ్వారు. స్టెర్లింగ్ గుడిసె గుమ్మంలో నిలబడి, "అరిజోనా మొత్తం మీద ఇంత ఖరీదైన గంట ఇంకొకటి లేదు! మా అక్క చెయ్యి దురద పెట్టినప్పుడల్లా నాకు చిల్లు," అన్నాడు. గైడులు కూడా నవ్వారు. లూరిన్ ఆ నవ్వులో కలిసింది, కలవక తప్పలేదు. ఇంటికొచ్చి పిండి మీద పిడికిళ్లతో గుద్దుతూ అంది, "రోజూ అందరి ముందూ తలకొట్టేసినట్టు అవుతోంది. అమ్మకి వయసైపోయింది. ఈసారి గంట మోగితే ఉన్నపళాన పరిగెత్తుకు రాకు. ముందు పైకి చూడు. మబ్బుంటే రా."

ఎమర్సన్, "గంట గంటే కదా," అన్నాడు.

"మా అమ్మ సంగతి నాకు తెలీదా? నువ్వు ఆవిణ్ని చూడనైనా చూడలేదు," అంది ఆమె.

అదంతా ఇప్పుడు గదిలో, ఇద్దరి మధ్యా నిలబడింది. బొటనవేలంత ఆకాశం పైన నీలంగానే ఉంది.

"నీ మాట ఎక్కడా రాదు," అన్నాడు ఎమర్సన్. "గుండీ తిప్పింది నేను. గైడుని నేను. నా తప్పే."

ఆమె పానా అందించింది. అతను బోల్టు బిగించాడు. ఇద్దరూ సాయంత్రందాకా ఇసుక తోడారు. నిచ్చెన మీద ఒకరి తరువాత ఒకరు ఎక్కి, బరువు వేసి చూసి, దిగారు. దానిగురించి మళ్లీ మాట్లాడలేదు. ఇంటికి వెళ్లే దారిలో లూరిన్‌కి ఒక సంగతి తెలిసింది. 'నీ మాట ఎక్కడా రాదు' అని భర్త అన్నప్పుడు ఆమె గుండె తేలికపడింది. ఒక్క క్షణమే. కానీ పడింది. తల్లి మీద అరిచినదానికంటే, ఆసుపత్రిలో అబద్ధమాడినదానికంటే, ఆ క్షణమే ఆమెను ఎక్కువ కాల్చింది.

*

శనివారం పొద్దున టికెట్ల గుడిసె ముందు గైడులందరూ నిలబడ్డారు. చీలిక తెరిచేముందు స్టెర్లింగ్ అందర్నీ పిలిచి నాలుగు మాటలు చెప్పడం ఆనవాయితీ. ఇవాళ ఆయన వెనక గొర్రెల ట్రక్కు కూడా ఉంది. పక్క చెక్కలు బిగించి, గడ్డి పరిచి సిద్ధంగా ఉంది. డ్రైవరు టైరుకి ఆనుకుని పొద్దుతిరుగుడు గింజలు నములుతున్నాడు.

"యంత్రం వచ్చే వారం వస్తుంది," అన్నాడు స్టెర్లింగ్. "అప్పటిదాకా ఎగువన నా కూతురి మొగుడు కూర్చుంటాడు. వాడికి కళ్లు బాగున్నాయి, నోరు కూడా ఉంది. గంటలూ గింటలూ ఉండవు, నీళ్లొస్తే రేడియోలో మాట్లాడతాడు. మా అక్క చేసిన పొరపాటుకి..."

"ఆమె పొరపాటు కాదు," అన్నాడు ఎమర్సన్.

అందరూ తిరిగారు. అతను ముందుకొచ్చి, చొక్కా మీది గైడు బిళ్ల ముందే తీసేసి, గుడిసె కిటికీ చెక్క మీద పెట్టాడు.

"గంట మోగింది. గదిలో విన్నాను. రేడియో తగ్గించేశాను. పైన మబ్బు లేదు కదా అనుకున్నాను."

 డ్రైవరు నమలడం ఆపాడు. స్టెర్లింగ్ మొహం మెడ దగ్గర్నుంచి ఎర్రబడుతూ పైకొచ్చింది.

"మబ్బు లేదనుకున్నావా? మబ్బు లేదనుకున్నావట్రా! నీకు పని నేర్పింది నేను. ఇక్కడి ఆకాశాన్ని నమ్మొద్దని పాలతో పాటు పోశాను కదరా నీకు! నీ అంతట నీకు పుట్టిన బుద్ధి కాదిది. ఎవరు చెప్పారు? ఎవడు చెప్పాడు గంటను లెక్కచేయొద్దని?"

ఎమర్సన్ నేల చూశాడు.

"నిన్నే అడుగుతున్నాను. నేనా? నేను నవ్వుతాలుకి ఏదో అన్నాను. దాన్ని పట్టుకున్నావా?"

"నువ్వు కాదు."

"మరి ఎవరు?"

గైడులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఒకడు కాలితో ఇసుకలో గీత గీశాడు. అందరూ ఆ నవ్వు గుర్తుచేసుకుంటున్నట్టుంది. స్టెర్లింగ్ టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. నిలబడి ఉండటంతో మోకాలి మీద పెట్టుకోవడం కుదరక అలాగే పట్టుకున్నాడు.

లూరిన్ కిటికీ లోపల, తన స్టూలు మీద ఉంది. ఎవరూ ఆమె వైపు చూడటం లేదు. ఎమర్సన్ కూడా చూడటం లేదు. చూడకూడదని గట్టిగా అనుకుని, చూడటం లేదు. ఆమె ఊరుకుంటే ఇదిక్కడితో సరి. తల్లి గొర్రెలు తల్లికి మిగులుతాయి, ఎగువ కాపలా మిగులుతుంది. భర్తకి పని పోతుంది, ఇంకో పని వెతుక్కుంటాడు. ఆమె రేపు మళ్లీ టూరిస్టుల ముందు నిలబడి, ఆకాశాన్ని నమ్మకండి అని అదే గొంతుతో చెబుతుంది.

ఆమె స్టూలు మీంచి లేచి, పెద్ద రేడియో మైకు కొక్కెం మీంచి తీసింది.

"ఎమర్సన్," అంది కిటికీలోంచి. "నీ రేడియో ఆపేసి, అటు వెళ్లు."

అతను ఆమె మొహం చూశాడు. ఏదో అనబోయి మానేశాడు. భుజం మీది రేడియో తీసి ఆపేశాడు. చీలిక వైపు, వినపడనంత దూరం నడిచాడు. వీపు ఇటు తిప్పి నిలబడ్డాడు.

లూరిన్ మీట నొక్కింది. గైడులందరి నడుముల దగ్గరా, ట్రక్కు డ్రైవరు పక్కన, స్టెర్లింగ్ ఛాతీ మీద చిన్న చప్పుడు ఒక్కసారే పలికింది.

"అమ్మా, నేను. ఉన్నావా?"

సోలార్ పలక మీద బ్యాటరీ మళ్లీ నిండి ఉండాలి అనుకుంటూ లూరిన్ గరగర వింది. తరువాత ఒక్క టణ్.

"గంట వద్దమ్మా. మాట్లాడొచ్చు. నీ అల్లుడు దూరంగా ఉన్నాడు, వినడు. మిగతా అందరూ వింటున్నారు. వాళ్లు వినాలనే మాట్లాడుతున్నాను."

"ఉన్నాను," అంది డెజ్బా గొంతు. గైడుల్లో సగంమంది ఆ గొంతు రేడియోలో వినడం అదే మొదటిసారి.

"చెయ్యి ఎలా ఉంది?"

కాస్త ఆగి, "వాపు తగ్గింది," అంది ముసలామె.

లూరిన్ కళ్లు మూసుకుంది. తెరిచింది. స్టెర్లింగ్ ఆమెనే చూస్తున్నాడు. ఆయనకి అప్పటికే అర్థమైపోయింది. వద్దన్నట్టు టోపీ పట్టుకున్న చెయ్యి కొద్దిగా ఎత్తాడు కూడా. ఆమె ఆ చేతి వైపు చూడకుండా మైకు నోటికి దగ్గరగా పెట్టుకుంది.

"మంగళవారం నువ్వు గంట మోగించావు. నీళ్లు మలుపు దాటకముందే మోగించావు. బ్యాటరీ అయిపోయేదాకా మోగించావు. అది గదిలో వినిపించింది. అయినా ఎవరూ బయటికి రాలేదు. ఎందుకంటే మా అమ్మ గంటను నమ్మకు, ఆకాశం చూసుకో అని ఎమర్సన్‌కి ఒకరు చెప్పారు. నిన్ను ఇదే రేడియోలో అందరూ వినేట్టు తిట్టింది కూడా వాళ్లే. మామయ్య ఎవరని అడుగుతున్నాడు."

మీట మీద వేలు జారింది. మళ్లీ గట్టిగా నొక్కింది.

"నేనమ్మా. నీ కూతురు, లూరిన్."